మిగతాది పడవొచ్చినాక

కూతురు వినీల ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సాయిలక్ష్మి కలలో మంచు కురుస్తోంది.

మంచంటే ఎట్టుంటుందో ఆమె ఎన్నడూ చూసింది లేదు. విడవలూరు దాటి, రొయ్యల గుంటలు దాటి, సరుగుడు తోపు వెనకాల సముద్రాన్ని ఆనుకొని ఉన్న పాళెంలో పుట్టింది. అదే పాళెంలో రెండు వీధుల అవతలికి కాపురానికొచ్చింది. ఆమె ఎరిగిన తెలుపంతా ఉప్పూ, నురగా, ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపలూ. అందుకేనేమో కలలో ఆ మంచు చల్లగా ఉండదు. పెద్దబాతు ఈకల్లాగా బరువు లేకుండా, తొందర లేకుండా దిగుతుంది. పొడవాటి గదిలో ఆడవాళ్ళంతా ఒక బల్ల చుట్టూ కూచొని ఈకలు ఒలుస్తా ఉంటారు. బల్ల చివర, తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె చేతులాపకుండానే తలెత్తి సాయిలక్ష్మి వంక చూస్తుంది. ఏదో చెప్పబోతుంది. అంతలో ఎవరో తలుపు తీస్తారు. ఈకలన్నీ గుప్పున లేస్తాయి. మెలకువ వచ్చేస్తుంది.

లేచి కూచొని గుండె మీద చెయ్యేసుకుంటుంది. ఏమీ జరగని కలకే ఇంత దడ. ఆమె తత్వమే అంత. భర్త హజరత్తయ్య గుంటల దగ్గర కాపలా పనికి పోయి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే కరెంటు తీగ తగిలిందేమోనంటుంది. కూతురు ఫోను ఎత్తకపోతే హైదరాబాదులో ఉన్న బస్సులన్నీ ఒక్కొక్కటిగా ఆమె కళ్ళ ముందు బోల్తా పడతాయి.

ఆ తలగుడ్డామె పేరు ల్యుద్మిల. చెక్ దేశపు మనిషి. చనిపోయి నూటయాభై ఏళ్ళ పైమాటే. వినీల హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటా, కంప్యూటరులో ఒక పెద్దావిడ దగ్గర మూడేళ్ళు ఆ భాష నేర్చుకుంది. ఇప్పుడు ల్యుద్మిల కథల పుస్తకాన్ని తెలుగులో రాస్తోంది. అది పూర్తి చేయడానికే ఇరవై రోజులు సెలవు పెట్టి వచ్చింది. రాసుకోని వేళల్లో వంటింటి గడప మీద కూచొని, ఆమె సంగతులు అమ్మకు చెప్తా ఉంటుంది.

"ఆమెకు పిల్లలా?" అని మొదటి రోజే అడిగింది సాయిలక్ష్మి, చేపలు కడుగుతా.

"ముగ్గురమ్మా."

"మరామె కథల కోసం ఊళ్ళు పట్టుకొని తిరగతా ఉంటే వాళ్ళనెవురు చూసినారు?"

"పెద్దపిల్ల చూసేది. పక్కింటామె ఉండేది."

"పసిబిడ్డల్ని పొయ్యి దగ్గర వదిలేసి పోయిందా?"

"పొయ్యి దగ్గరని నేనన్నానా?"

"చలి దేశమంటివే. పొయ్యి ఉండదా?"

వినీల నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, ఆ ముగ్గురిలో చిన్నోడు ఆరో ఏట జ్వరమొచ్చి పోయినాడని చెప్పింది. సాయిలక్ష్మి చేతిలో చేప జారి నీళ్ళలో పడింది. "నేననుకుంటానే ఉండా" అనింది. ఆ పూటంతా ఇంట్లో ఎవరో పోయినట్టే తిరిగింది.

రోజుకు కొంచెం కొంచెంగా ల్యుద్మిల ఆ ఇంటి మనిషైపోయింది. చర్చిలో గంట కొట్టేవాడి కూతురంట. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళి. మొగుడు కలప డిపోలో గుమాస్తా, రెండేళ్ళకొక ఊరికి బదిలీ. కాస్త చదువుకున్నోళ్ళంతా జర్మను భాషలో మాట్లాడుకుంటేనే మర్యాదనుకునే రోజుల్లో, పనిమనుషులూ నేతగాళ్ళూ మాట్లాడుకునే చెక్ భాషలోనే రాస్తానని మొండికేసింది.

"మొగుడేమన్నాడు?"

"ఇంట్లో కొవ్వొత్తులు నిలవడం లేదన్నాడు."

"మీ నాయనా అట్టనే అంటాడు, సబ్బు గురించి."

సాయిలక్ష్మికి అన్నిటికన్నా నచ్చింది ఆమె కథలు సంపాదించిన తీరు. చలికాలం వస్తే ఆ ఊళ్ళల్లో ఆడవాళ్ళంతా ఒకింట్లో చేరి పరుపుల కోసం బాతు ఈకలు ఒలుస్తారంట. తలుపులు మూసేసుకుంటారు, ఈక ఎగరకుండా. గట్టిగా నవ్వకూడదు, తుమ్మకూడదు. అక్కడ కథలు నడుస్తాయి. కాగితమూ కలమూ పట్టుకొని పోతే ల్యుద్మిలకు ఎవరూ నోరు విప్పలేదు. చేతులు ఖాళీగా పెట్టుకొని కూచున్న మనిషికి కథేం చెప్తాం అన్నారంట. ఆమె కూడా కూచొని ఈకలొలిచింది. కథ మలుపు తిరిగినప్పుడల్లా నడుముగుడ్డ అంచుకు ఒక ముడేసుకునేది. ఇంటికి పోయినాక ముడి తర్వాత ముడి విప్పుకుంటా రాసుకునేది.

"ముడి బిగుసుకొని రాకపోతే?" అని అడిగింది సాయిలక్ష్మి.

ఇట్టాంటి అనుమానం ఇంకెవరికీ రాదు. అయితే ఆ రోజు నుంచి ఆమె కూడా దిగులు పుట్టినప్పుడల్లా కొంగుకొక ముడేసుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి కొంగు నిండా ముళ్ళే.

ఇంతవరకూ బాగానే ఉంది. తొమ్మిదో రోజు వినీల ఆ తెల్లకాగితం సంగతి చెప్పింది.

కొండ ఊళ్ళో ఒక ముసలామె ల్యుద్మిలకు కథంతా చెప్పి, చివర మాత్రం చెప్పనంది. కొడుకు యుద్ధంలో ఉన్నాడు, వాడొచ్చినాక వాడి ముందరే చెప్తానంది. కొడుకు రాలేదు. ముసలామే పోయింది. ల్యుద్మిల ఆ కథను అక్కడి వరకే రాసి, తర్వాతి పేజీని తెల్లగా వదిలేసి అచ్చుకిచ్చింది. అచ్చువేసే ఆయనకు తెల్లపేజీ నచ్చలేదు. తనే ఒక చివర అల్లి, అచ్చేసి పంచేసినాడు. అది చూసి ల్యుద్మిల ఏం చేసిందంటే, పిండి ఉడికించి జిగురు చేసుకొని, తెల్లకాగితాలు కత్తిరించుకొని, ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో వాళ్ళ గడపకల్లా పోయి, ఆ పేజీ మీద కాగితం అతికించుకుంటా తిరిగింది. నూటపన్నెండు ఇళ్ళు తిరిగిందంట, దగ్గుతా, మంచులో.

"అంత దగ్గు పెట్టుకొని..." అని సాయిలక్ష్మి ఎత్తుకోబోయింది.

"అమ్మా, అది కాదు. మన కామాక్షమ్మవ్వ కూడా ఇట్టనే చేసేదంట గదా? పడవ నీళ్ళ మీదుంటే కథ చివర చెప్పేది కాదంట గదా? ముందుమాటలో మనింటి కథ ఒకటి రాయాలమ్మా. నీడలేని అమ్మి కథ. నీకు చివర తెలుసా?"

సాయిలక్ష్మి లేచింది. "నాకు తెలీదు" అని, ఎండలో ఏమీ ఆరేయకపోయినా ఏదో తీసుకురావాలన్నట్టు బయటికి పోయింది.

తెలియకపోవడం కాదు. తెలుసో తెలీదో తెలియకపోవడమే ఆమె జబ్బు.

కామాక్షమ్మ సాయిలక్ష్మికి నాయనమ్మ. మొగోళ్ళు వేటకు బయల్దేరుతుంటే వాళ్ళ ముందు కూచొని ఒక కథ మొదలుపెట్టడం ఆ ఇంట్లో వాడుక. మంచి పట్టులో ఉండగా ఆపేసి, "మిగతాది పడవొచ్చినాక" అనేది. చివర వినాలన్న ఆశకైనా మనిషి ఒడ్డుకు వస్తాడని నమ్మకం. పడవ నీళ్ళ మీద ఉండగా చివర ఎవరి నోటా రాకూడదు. వస్తే, ఇక రావాల్సిన అవసరమేముంది?

సాయిలక్ష్మికి అప్పుడు ఎనిమిదేళ్ళు, తమ్ముడు మాల్యాద్రికి నాలుగు. నాయన పోలేరయ్య వల సర్దుకుంటా ఉంటే, అవ్వ ఆ పిల్లలు అంతకుముందెన్నడూ వినని కథ ఎత్తుకుంది. ఒక అమ్మికి నీడ లేదు. పుట్టిన రోజే సముద్రం తీసుకుపోయింది. నీడను వెతుక్కుంటా అమ్మి ఒడ్డెంబడి నడిచింది. ఎండ్రకాయ దారి చెప్పి గాజులడిగింది, ఇచ్చింది. కొంగ దారి చెప్పి జడ అడిగింది, ఇచ్చింది. ఇసకలో కూరుకుపోయిన పాత పడవ దారి చెప్పి పేరడిగింది, పేరు కూడా ఇచ్చేసింది. ఆఖరికి చూస్తే నీళ్ళ మీద ఒక పడవ, పడవలో ఆమె నీడ కూచొనుంది. రా, ఎక్కు అని చెయ్యూపింది.

"మిగతాది పడవొచ్చినాక" అనింది అవ్వ. నాయన నవ్వి, పోయినాడు.

మధ్యాన్నం మాల్యాద్రి చివర కావాలని ఒకటే ఏడుపు. ఎంతకీ ఊరుకోడు. సాయిలక్ష్మి వాణ్ణి ఒళ్ళో వేసుకొని చివర చెప్పేసింది. అమ్మి పడవెక్కింది, పడవ మెల్లగా కిందికి దిగింది, అడుగున మెరిసే చేపల దీపాలున్నాయి, అక్కడ అమ్మి రాణి అయింది అని. తోచింది చెప్పింది. పిల్లోడు ఊరుకున్నాడు. నాయన పడవ రాలేదు.

తర్వాత అవ్వ ఆ కథ మళ్ళీ ఎత్తలేదు. అవ్వా పోయింది. తను కల్పించి చెప్పిందే అసలు చివర అయ్యుంటే? నలభై రెండేళ్ళుగా సాయిలక్ష్మి మనసులో ఉన్న ప్రశ్న అదొక్కటే. అసలు చివర తెలిసిన మనిషి పాళెంలో ఒకతే ఉంది, నాయన అక్క మాలకొండమ్మ. మాల్యాద్రి ఇంట్లోనే ఉంటుంది. రోజూ కనబడే మేనత్తను ఒక్క మాట అడగడానికి సాయిలక్ష్మికి నలభై రెండేళ్ళలో నోరు రాలేదు. అడగనంత కాలం సగమన్నా అనుమానం మిగిలుంటుంది గదా.

మర్నాడు మాల్యాద్రి వేటకు బయల్దేరినాడు. ఎల్లుండి శ్రీహరికోటలో రాకెట్టు వదుల్తారంట, రేపట్నుంచి దక్షిణం పక్కకు పోనీయరంట, అందుకని ఈ రోజు తప్పదన్నాడు. మాఘమాసం పోయే రోజులు. సముద్రం మీద పలచగా పొగమంచు, నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. ఎనభై దాటిన మాలకొండమ్మ కర్ర పట్టుకొని పడవ దాకా వచ్చింది. కళ్ళు సరిగా ఆనవు, చెవులు మాత్రం పాము చెవులు.

"కూచోరా, కథ విని పో."

"త్వరగా కానీయత్తా, కుర్రోళ్ళు చూస్తుండారు."

"ఒక అమ్మికి నీడ లేదు" అని ఎత్తుకుంది మాలకొండమ్మ.

సాయిలక్ష్మి చేతిలో టీ చెంబు కాళ్ళ మీద ఒలికింది. ఇన్ని కథలుండగా ఇదా? వినీల అడిగి ఉంటుంది. అడిగే ఉంటుంది. ఆ పక్కనే మోకాళ్ళ దాకా చుడీదారు మడుచుకొని, కళ్ళు పెద్దవి చేసుకొని వింటోంది.

మాల్యాద్రి అక్క వంక చూసి నవ్వినాడు. "ఇది మన చిన్నప్పటిది గదక్కా."

"రా, ఎక్కు అని చెయ్యూపింది. మిగతాది పడవొచ్చినాక" అని మాలకొండమ్మ ఆపింది. పడవ పొగమంచులోకి పోయింది. కాసేపు ఇంజను చప్పుడు వినబడింది, తర్వాత అదీ తెల్లగా కరిగిపోయింది. సాయిలక్ష్మి కొంగుకు మొదటి ముడేసింది.

పన్నెండున్నరకు వినీల పరిగెత్తుకుంటా ఇంట్లోకొచ్చింది. చేతులు చేపల వాసన, చంకలో నోటుబుక్కు. "అమ్మా, చివర దొరికింది! మాలకొండమ్మవ్వ చెప్పింది! నెత్తళ్ళు మూడు బుట్టలు ఏరించుకుంది గానీ, చెప్పింది!"

"నోరు ముయ్యి!" సాయిలక్ష్మి కూతురి నోటికి చెయ్యడ్డం పెట్టింది. "మీ మామ పడవ ఇంకా రాలే."

"వచ్చిందమ్మా. ఇంటి దగ్గర్నుంచే ఇంజను చప్పుడు విని అవ్వే చెప్పింది, మాల్యాద్రి వచ్చేసినాడు, ఇంక చెప్తా రాసుకో అని."

ఇద్దరూ ఒడ్డుకు పోయి చూశారు. ఒడ్డునున్నది అదే పాళెం మనిషి నరేంద్రబాబు పడవ. అప్పుడు తెలిసింది జరిగిన పొరపాటు. పోయిన నెల మాల్యాద్రి కొత్త ఇంజను బిగించుకొని, పాతది నరేంద్రబాబుకిచ్చేసినాడు. పన్నెండేళ్ళు ఆ పాత ఇంజను చప్పుడుతోనే మేనల్లుడి రాకను గుర్తుపట్టిన ముసలామె, ఈ రోజూ ఆ చప్పుడునే నమ్మింది.

"నేనెవురికీ చెప్పలేదమ్మా" అనింది వినీల, మొహం చిన్నది చేసుకొని. "రాసుకున్నానంతే."

"రాయడం చెప్పడం కాదా? నోటుబుక్కు ఎవురు తెరిచినా చెప్పేస్తుంది గదే!"

ఒంటిగంటకు రావాల్సిన పడవ రెండైనా రాలేదు. మాల్యాద్రి ఫోను కలవలేదు. నరేంద్రబాబు అన్నం కూడా తినకుండా, "నేను చూసొస్తా సాయక్కా, నువ్వు దడుసుకోబాక" అని మళ్ళీ పడవ దింపినాడు. దడుసుకోవద్దంటే ఇంకా దడ ఎక్కువయ్యే మనిషి ఆమె. మూడైంది. కొంగుకు ముడేయడానికి ఇంక చోటు లేదు.

వినీల ఒడ్డునే ఉండిపోయింది. సాయిలక్ష్మి ఒక్కతే ఇంటికొచ్చి, గిన్నెలో మైదాపిండి కలిపి పొయ్యి మీద పెట్టింది. తెలిసి చేసిందో తెలియక చేసిందో. పిండి ఉడికి, జిగురై, గరిటెకు సాగింది. పాత కేలెండరు చించి, వెనకవైపు తెల్లకాగితం కొలత చూసుకొని కత్తిరించింది. బల్ల మీద నోటుబుక్కు ఉంది. ఇంట్లో చప్పుడు లేదు. కిటికీలోంచి ఎండ పడుతోంటే, ఆ వెలుతురులో పిండి నలుసులు తేలుతున్నాయి, మెల్లగా, కిందికి దిగే తొందర లేకుండా. ఆ వెలుతురుకు అవతల ఎవరో తలగుడ్డతో కూచొని ఉన్నట్టే అనిపించింది. భయం మాత్రం వేయలేదు. నూటపన్నెండు ఇళ్ళు తిరిగిన మనిషి ఈ ఇంటికి రావడంలో వింతేముంది?

"నువ్వైతే చదువుతావా తల్లీ?" అని అడిగింది సాయిలక్ష్మి. "చదవకుండా అతికిస్తావా?"

చదవకుండా అతికిస్తే సగం అనుమానం అట్టనే ఉంటుంది, చచ్చేదాకా. చదివితే, అందులో పడవ మునిగి ఉంటే, నాయనను తనే ముంచినట్టు. తమ్ముణ్ణి కూడా. నోటుబుక్కు తెరిచింది. ఏడో తరగతి చదువు. అక్షరం వెనక అక్షరం వేలుపెట్టి చదువుకుంది.

"అమ్మి పడవెక్కలేదు. ఎక్కితే నీడ దొరుకుద్ది, ఒడ్డు పోద్ది. ఎక్కకపోతే ఒడ్డు ఉంటది, నీడ పోద్ది. ఏం చేయాలో తెలీక తడి ఇసకలో కూచునింది. పిలిచింది లేదు, ఏడ్చింది లేదు, లేచి పోయిందీ లేదు. తెల్లారింది. సముద్రంలోంచి పొద్దు లేచింది. పొద్దుకెదురు పడవ, పడవలో నీడ. పొద్దు పడేకొద్దీ ఆ నీడ నీళ్ళ మీద సాగింది. అలలు దాటి, నురగ దాటి, సాగి సాగి వచ్చి అమ్మి కాళ్ళకు అంటుకునింది. అమ్మి లేచి ఇంటికి పోయింది, నీడ ఎనకాలే పోయింది."

అంతే. పడవ మునగలేదు.

సాయిలక్ష్మి మళ్ళీ చదివింది. మూడోసారి పైకి చదవబోయి నోరు మూసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పింది ఇది కాదు. ఇందులో ఒక్క ముక్క కూడా కాదు. అవ్వ దాచిన చివరను ఆ పిల్ల ముట్టుకోనే లేదు. అది దాచిన చోటే ఉంది, ఈ మధ్యాన్నం దాకా. నలభై రెండేళ్ళ నుంచి ఒళ్ళో పట్టుకు కూచున్న బరువు కిందికి జారిపోతుంటే, అది పోవడం కూడా భయంగానే ఉంది ఆమెకు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతలోనే తమ్ముడు గుర్తొచ్చినాడు. నాయన సంగతి సరే. కానీ ఈ రోజు బయటపడింది నిజమైన చివరే గదా!

గబగబా జిగురు పూసి, కాగితం అతికించి, అరచేత్తో అద్దుతా ఉండగా వినీల లోపలికొచ్చింది. అమ్మను చూసింది, గిన్నెను చూసింది, పేజీని చూసింది. అరుస్తుందేమో అనుకుంది సాయిలక్ష్మి. వినీల వచ్చి పక్కన కూచొని, ముడత పడిన మూలను వేలితో సరిచేసింది.

"ఆమె కూడా అంచుల నుంచి మధ్యకు అద్దేదంటమ్మా" అని మాత్రం అనింది.

అయిదింటికి ఇద్దరూ ఒడ్డుకు పోయేసరికి మాలకొండమ్మ ఇసకలో కూచొని ఉంది. ఆమె చేసిన పొరపాటు ఎవరో చెప్పేసినట్టున్నారు, కర్ర ఒళ్ళో పెట్టుకొని ఎవరితోనూ మాట్లాడటం లేదు. పొద్దు పాళెం వెనక్కి, సరుగుడు తోపు మీదికి వాలుతోంది. సముద్రం మీద పొగమంచు మళ్ళీ దిగుతోంది. ఎవరి గొంతైనా దూదిలోంచి వస్తున్నట్టుంది.

ఉన్నట్టుండి మాలకొండమ్మ తలెత్తింది. "అదుగో మాల్యాద్రి!"

వినీల చెవి రిక్కించింది. దబదబమని పాత ఇంజను. "అవ్వా, అది నరేంద్రబాబు మామ పడవే. పాత ఇంజను ఆయన దగ్గరుందని నీకు చెప్పినారు గదా."

"నాకు చెప్పొచ్చినావా? మాల్యాద్రి అంటుండా!"

"అవ్వా..."

"నెత్తళ్ళు ఏరేది కూడా రాదు నీకు. ఊరుకో."

పొగమంచులోంచి నరేంద్రబాబు పడవ ముక్కు కనబడింది. దాని వెనక ఒక తాడు. తాడు చివర, కొత్త ఇంజను నోరు మూసుకొని, మాల్యాద్రి పడవ. నీళ్ళల్లో తిరిగే ఫ్యాన్ రెక్కలకు వల చుట్టుకొని పొద్దుటేళ నుంచి నీళ్ళ మీద కొట్టుకుపోతా ఉంటే, పాత ఇంజనే పోయి లాక్కొచ్చింది.

"చెప్తే విన్నారా?" అనింది మాలకొండమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంటానే ఉంది.

మాల్యాద్రి నడుము లోతు నీళ్ళలోకి దూకి వచ్చినాడు. సాయిలక్ష్మి ఎదురుపోయి తమ్ముడి రెక్క పట్టుకుంది. అడగాల్సింది ఒకటైతే నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"తడిగుడ్డలతో నిలబడుండావు, జ్వరమొచ్చుద్ది!"

"రానీలే అక్కా."

"రానీలే అనబాక! ఆ మాట అనబాక!" ఆ కోపం మీదే ఇన్నేళ్ళ మాట కూడా జారిపోయింది. "నాయన పోయిన రోజు నేను నీకు చివర చెప్పినా. జ్ఞాపకముందా? చెప్పకూడదని తెలిసీ చెప్పినా."

"జ్ఞాపకం లేకుండా ఎట్ట పోద్ది? పడవ అడుక్కు దిగి, ఆమె రాణి అయింది. చేపల దీపాలు. కిందికొచ్చినోళ్ళకు చాప పరిచి అన్నం పెట్టుద్ది."

"అన్నం సంగతి నేను చెప్పినానా?"

"నువ్వే. ఏం కూరని అడిగితే చింతచిగురు రొయ్యలన్నావు." మాల్యాద్రి మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నాయన రాలేదని అందరూ ఏడస్తా ఉంటే నేను ఏడవలేదు. ఆమె అన్నం పెట్టే ఉంటది గదా అనుకునేవాణ్ణి. ఈ రోజు ఇంజను ఆగినాక కూడా అదే అనుకున్నా. చింతచిగురు కాలం కాదే, ఏం పెట్టుద్దో అని."

సాయిలక్ష్మి పట్టుకున్న రెక్క వదల్లేదు. ఏడ్చిందో నవ్విందో చూసినోళ్ళకూ తెలియలేదు. వినీల మాత్రం నోటుబుక్కు కోసం చంక తడుముకుంది. అది ఇంట్లో బల్ల మీద, మైదా జిగురుతో ఆరతా ఉంది. తడుముకున్న చేత్తోనే అమ్మ కొంగందుకొని ఒక ముడిని పట్టుకుంది.

"ఇది ఆ రాణి కథ" అనింది. "విప్పబాక అమ్మా. రాసుకునేదాకా."

ఇసకలో వల పరిచినారు. ఇంజను ఆగినా పడిన చేపలు పడినయ్యే. మాలకొండమ్మ కర్రతో ఇసక మీద కొట్టింది. "ఇట్ట కూచోరా మాల్యాద్రీ. పొద్దున సగంలో ఆపినా. పడవొచ్చింది గదా, మిగతాది వినాల. ఏమ్మే సాయిలక్ష్మీ, చేతులు ఖాళీగా పెట్టుకొని కూచున్నావే? వల పట్టు."

సాయిలక్ష్మి వల పట్టింది. ఒక పక్క వినీల, ఒక పక్క తమ్ముడు. చేపలు విప్పుతా ఉంటే పొలుసులు రేగి, వాలుపొద్దు వెలుతురులో తెల్లగా మెరుస్తా, జుట్టు మీదా చేతుల మీదా పడుతున్నాయి. వీపు వెనక పొద్దు కిందికి దిగేకొద్దీ వాళ్ళ నీడలు ఇసక దాటి, నురగ దాటి, తాడుకు కట్టిన పడవ దాకా నీళ్ళ మీద సాగినాయి.

"అమ్మి పడవెక్కలేదు" అని మొదలుపెట్టింది మాలకొండమ్మ.

సాయిలక్ష్మి అలవాటు కొద్దీ ఎదురుచూసింది, ఇప్పుడు ఎవరో తలుపు తీస్తారు, అంతా ఎగిరిపోతుంది అని. సముద్రపొడ్డున తీయడానికి తలుపేముంది? ఆమె ఇంకో చేపను విప్పింది.